బతికొచ్చిన వీరుడు

వీరుడనగానే మన కళ్ల ముందు మువ్వన్నెల జెండా కప్పిన పేటిక కదులుతుంది. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో నేలకొరిగిన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబును తెలుగునాట ఎరగనివారు అరుదు. ఆయనకు మరణానంతరం మహావీర చక్ర వచ్చింది. మరి శ్రీకాకుళం జిల్లా మేజర్ మల్లా రామగోపాల్ నాయుడు పేరు మనలో ఎందరికి తెలుసు? 2023 అక్టోబరులో కుప్వారా సరిహద్దున చొరబాటుదారుల్ని ఎదుర్కొని, తోటి సైనికుల్ని కాపాడిన అధికారి ఆయన. 2024 స్వాతంత్ర్య దినోత్సవ వేళ ప్రకటించిన నాలుగు కీర్తి చక్రాల్లో మూడు మరణానంతర పురస్కారాలే. ప్రాణాలతో నిలిచింది నాయుడు ఒక్కరే.

ప్రాణం ఇచ్చినవాడితో బతికున్నవాణ్ణి ఎలా పోలుస్తామని అడగవచ్చు. అమరుల కుటుంబాల లోటు ఏ పతకంతోనూ తీరదు, నిజమే. అయితే 1950లో మొదలైన పరమవీర చక్ర సహా ఈ పురస్కారాల నిబంధనలు చూసేది సాహసాన్నే, మరణాన్ని కాదు. తూటాకు ఎదురెళ్లేవాడికి తాను తిరిగొస్తానో లేదో ముందే తెలియదు. అడుగు ముందుకు వేసిన ఆ క్షణాన సంతోష్ బాబూ, గోపాల్ నాయుడూ పణంగా పెట్టింది ఒకటే. మన బడిపిల్లలకు ఈ రెండు పేర్లూ పక్కపక్కనే చెప్పాలని నా కోరిక.