ఋణధర్మము: ఇచ్చినవాని హక్కు, పుచ్చుకొన్నవాని మర్యాద

అప్పు అను మాట వినగానే మన తెలుగువారి మనస్సున రెండు భావములు కలుగును. ఒకటి ధర్మభావము, రెండవది భయము. మనుష్యుడు పుట్టుకతోనే దేవతలకు, ఋషులకు, పితరులకు ఋణపడి యున్నాడని పెద్దలు చెప్పిరి. కావున ఋణపడుటయే పాపమని మన ధర్మము తలంపలేదు, తీర్పకుండుటయే దోషమన్నది. అయినను లోకవ్యవహారములో అప్పున్నవాడు తలవంచుకొని నడచును. అప్పులవాడు వాకిట నిలిచిన యిల్లు ఊరిలో చులకన యగును. ఋణశేషము, అగ్నిశేషము, శత్రుశేషము ఉంచరాదన్న పెద్దలమాటలో అప్పు నిప్పుతోను పగతోను ఒకే పంక్తిని కూర్చున్నది. ధర్మమునకును భయమునకును నడుమనున్న యీ సందులోనే నేటి వసూలు ఏజెంటు తన వృత్తిని సాగించుకొనుచున్నాడు.

ఈ వ్యాసములో మేము విచారింపదలచినది అప్పు తీర్పవలెనా, వద్దా యన్న ప్రశ్న కాదు. తీర్పవలెను, అందు సందేహము లేదు. తీర్పలేని కాలము వచ్చినప్పుడు మనుష్యుడు దేనిని కోల్పోవును, దేనిని కోల్పోడు అన్నదే ప్రశ్న. ఇచ్చినవానికి రావలసినది సొమ్ము. ఆ సొమ్ముతోపాటు పుచ్చుకొన్నవాని పరువు కూడ తాకట్టుపడినదా? పడినదనియే అనేకులు నమ్ముచున్నారు. ఆ నమ్మకము ధర్మమునకును చట్టమునకును కూడ విరుద్ధమని మా యభిప్రాయము.

హరిశ్చంద్రుని కథ తెలియని తెలుగువాడు లేడు. ఆంధ్రదేశమున నాటకములలోను, ఈ ధర్మపురి ప్రాంతపు తెరుక్కూత్తులలోను ఆ కథను తరతరములుగా జనులు తెల్లవార్లు మేలుకొని చూచిరి. అందులో బాకీ రాబట్టుకొనవలసిన విశ్వామిత్రుని మాట యెట్లున్నను, వసూలునకై రాజు వెంట నడచిన నక్షత్రకుని పేరు మాత్రము భాషలో నిలిచిపోయినది. విడువక వెంటబడి వేధించువానిని నేటికిని మనము నక్షత్రకుడందుము. ఇందులో ఒక సూక్ష్మమున్నది. మాట తప్పని హరిశ్చంద్రునికి చేతులు జోడించిన ప్రేక్షకుడే, ఆయనను వేధించిన నక్షత్రకుని చూచి ఏవగించుకొన్నాడు. బాకీ తీర్చుట గొప్పది, బాకీకై వేధించుట నీచము అను రెండు తీర్పులను ఒకే మనస్సు ఒకే రాత్రి యిచ్చినది. ఆ రెండింటికిని వైరుధ్యమున్నదని చదువురాని పల్లెవాడు కూడ అనుకొనలేదు.

అయితే పూర్వులందరు ఋణగ్రస్తుని పక్షమే వహించిరని చెప్పుట సత్యము కాదు. మనుస్మృతి యెనిమిదవ అధ్యాయము బాకీ రాబట్టుకొను ఉపాయములను ఐదింటిని పేర్కొన్నది: మంచిమాట, వ్యవహారము అనగా దావా, ఉపాయముతో మోసగించుట, ఆచారము, ఐదవది బలము. ఆచారమనగా బాకీదారుని వాకిట ధర్నా కూర్చుండుట వంటిదని వ్యాఖ్యాతలు చెప్పిరి. పదుమూడవ శతాబ్ది చివర తమిళతీరమును చూచిన మార్కోపోలో మరియొక వింత వ్రాసినాడు. ఇచ్చినవాడు బాకీదారుని చుట్టు నేలపై గిరి గీసినచో, బాకీ తీర్చుటయో తగిన పూచీ చూపుటయో చేయక బాకీదారుడు ఆ గిరి దాటరాదట. రాజు సైతము ఒకమారు ఆ నియమమునకు కట్టుబడి నిలిచెనట. అదే మనుస్మృతి, ఒక్కసారిగా తీసికొను వడ్డి అసలును మించరాదనియు కట్టడి చేసినది. అనగా బలమును ఒప్పుకొన్నను, దానికొక హద్దు ఉండవలెనని ఆ కాలమునకే తోచినది.

తరువాతి చట్టముల చరిత్ర యంతయు ఆ ఐదు ఉపాయములలో చివరి మూడింటిని ఒక్కొక్కటిగా తొలగించిన చరిత్రయే. దైవకోపము తగులునని భయపెట్టి వాకిట ధర్నా కూర్చుండుటను 1860 నాటి శిక్షాస్మృతి నేరముగా ఉదాహరించినది. 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు, కోర్టు డిక్రీ వచ్చిన తరువాత కూడ జప్తు చేయరాని వస్తువుల పట్టిక నిచ్చినది. వంటపాత్రలు, కట్టుబట్టలు, పడక, చేతిపనివాని పనిముట్లు, రైతు నాగలి, జీవనమునకు కావలసిన పశువులు, విత్తనపు ధాన్యము, మతాచారమును బట్టి స్త్రీ విడువరాని ఆభరణము అందులో నున్నవి. సొమ్ముకై వచ్చిన డిక్రీపై స్త్రీని అరెస్టు చేయరాదనియు ఆ కోడే చెప్పినది. న్యాయాధిపతి సంతకము చేసిన డిక్రీకే తాకరానిది తాళిబొట్టయినప్పుడు, ఫోనులో అరచు ఏజెంటునకు అది యెట్లు తాకట్టగును?

1938లో మద్రాసు ప్రభుత్వము వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము చేసినది. అప్పటి ప్రధానమంత్రి రాజాజీ ఈ ప్రాంతపువాడే. హోసూరు దగ్గర తొరపల్లి గ్రామమున పుట్టినవాడు. 1932 అక్టోబరు 1కి ముందటి అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచిన వడ్డి రద్దయినట్లును, అసలునకు రెట్టింపు చెల్లించిన రైతు అప్పు పూర్తిగా తీరినట్లును ఆ చట్టము ప్రకటించినది. ప్రాచీన స్మృతి సూత్రము ఆధునిక శాసనమై తిరిగి వచ్చినది. 1980లో జాలీ జార్జి వర్గీసు వ్యాజ్యమున జస్టిస్ కృష్ణయ్యరు ఇచ్చిన సుప్రీంకోర్టు తీర్పు మరియొక మెట్టు. శక్తి యుండియు దురుద్దేశముతో ఎగవేయువాడు వేరు, శక్తి లేక చెల్లింపలేనివాడు వేరు. కేవలము పేదరికమువలన బాకీపడినవానిని చెరసాలకు పంపుట రాజ్యాంగమునకు విరుద్ధమని ఆ తీర్పు సారాంశము. లేమి నేరము కాదన్నది ఇప్పుడు దేశపు చట్టము.

ఇక మన జిల్లా విషయము. తమిళనాట మహిళా స్వయంసహాయక సంఘములకు మొదటి విత్తనము పడినది ధర్మపురిలోనే. 1989లో అంతర్జాతీయ వ్యవసాయాభివృద్ధి నిధి సహాయముతో రాష్ట్రప్రభుత్వము ఇక్కడ ఆ పథకమును ప్రారంభించినది. చేతిలో సెంటు భూమి లేని స్త్రీకి బ్యాంకు తలుపు తెరచుకొనుట సామాన్యమైన మార్పు కాదు. ఆస్తి హామీ లేనిచోట సంఘమే హామీ యైనది. ఒకరి వాయిదాకు పదిమంది పూచీపడిరి. ఆ పూచీలో స్నేహమున్నంతవరకు అది బలము. తరువాత వచ్చిన కొన్ని సూక్ష్మఋణ సంస్థల చేతులలో ఆ స్నేహమే వసూలు సాధనమైనది. వాయిదా కట్టలేని స్త్రీ వాకిట తోటి సభ్యురాండ్రనే కూర్చుండబెట్టిరి. పాతకాలపు ధర్నా పేరు మార్చుకొని తిరిగి వచ్చినది. ఆంధ్రప్రదేశమున 2010లో ఇట్టి వేధింపుల నడుమ ఆత్మహత్యల వార్తలు వెలువడగా, ఆ యేటి అక్టోబరు 15న ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసి వచ్చినది.

మార్కోపోలో చూచిన గిరికి ఒక పరిమితి యుండెను. అది నేలపై గీసినది. నేటి గిరి మనుష్యుని జేబులోనే యున్నది. వంటయింటికి, పొలమునకు, హోసూరు కర్మాగారమునకు, బెంగుళూరు కూలిపనికి వెంట వచ్చును. ఫోనులోని చిరునామాలన్నింటిని దోచి, బంధుమిత్రులకు నీచమైన సందేశములు పంపు అప్పుల యాపుల దౌర్జన్యము 2020 డిసెంబరులో హైదరాబాదు పోలీసుల అరెస్టులతో దేశమునకు తెలిసినది. అప్పటికే కొందరి ప్రాణములు పోయినవి. వేయి రూపాయల అప్పునకు ప్రాణము వెల యగుట ఏ లెక్కలో న్యాయము?

ఇందుకు ప్రతిగా 2022లో రిజర్వు బ్యాంకు స్పష్టమైన నియమములు విధించినది. ఉదయము 8 గంటలకు ముందు, రాత్రి 7 గంటల తరువాత వసూలునకై ఫోను చేయరాదు. సూక్ష్మఋణముల విషయమున ఆ హద్దు ఉదయము 9, సాయంకాలము 6. తిట్టరాదు, బెదరింపరాదు, నలుగురిలో అవమానింపరాదు, బంధువుల జోలికి, స్నేహితుల జోలికి పోరాదు. సూక్ష్మఋణము వసూలు నిర్ణయించుకొన్న తావుననే జరుగవలెను. ఋణగ్రహీత వరుసగా రెండుమారులైనను అచ్చటికి రానప్పుడే యింటికి పోవచ్చును. అప్పుల యాపులు ఫోనులోని చిరునామాలను, ఫొటోలను తాకరాదు. తమిళనాడు శాసనసభ దినవడ్డి, గంటవడ్డి, కందువడ్డి, మీటరువడ్డి, తండల్ అనువాటిని పేరుపేరున నిషేధించు చట్టమును 2003లోను, అప్పులిచ్చు సంస్థల బలవంతపు చర్యలను నిరోధించు చట్టమును 2025లోను చేసినది.

కావున ఫోను మ్రోగినప్పుడు వణకనక్కరలేదు, దాగనక్కరయు లేదు. నీవెవ్వరు, ఏ సంస్థ పంపినది, అధికారపత్రము, గుర్తింపుకార్డు ఎక్కడ అని అడుగుట మన హక్కు. బాకీ లెక్క, అసలెంత, వడ్డి యెంత, వ్రాతపూర్వకముగా కోరవలెను. ఫోను వచ్చిన తేది, గంట, పలికిన మాటలు ఒక పుస్తకమున వ్రాసియుంచవలెను. రసీదు లేక ఒక్క రూపాయయు చేతికీయరాదు. కట్టగలిగినది ఎంతో, ఎప్పటికో నిజముగా చెప్పి, గడువు కోరుచు సంస్థకే జాబు వ్రాయవలెను. ఏజెంటుతో వాదము వ్యర్థము. సంస్థకు వ్రాసిన ఫిర్యాదునకు ముప్పది దినములలో తగిన సమాధానము రానిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మనునకు రుసుము లేకయే విన్నవించుకొనవచ్చును. కొట్టుదుమని, చంపుదుమని బెదరించుట బాకీ వ్యవహారము కాదు, నేరము. దాని తావు పోలీసు ఠాణా.

తండ్రి బాకీ కొడుకు తీర్పవలెనన్న బెదరింపు తరచుగా వినబడును. పుత్రధర్మమను ఒక్క కారణముచేత కొడుకుపై కోర్టు చర్య తీసికొనరాదని 2005 నాటి హిందూ వారసత్వ సవరణ చట్టము, ఆ చట్టము తరువాతి ఋణముల విషయమున, నిర్ణయించినది. తండ్రి విడిచిన ఆస్తిమేరకే ఆ బాకీకి దారి. తండ్రి మాట నిలుపుటకై కొడుకు తన కష్టార్జితముతో తీర్చినచో అది అతని గొప్పతనము. ఆ గొప్పతనమును భయపెట్టి పిండుకొను హక్కు ఎవ్వరికిని లేదు.

ఇట్లు హక్కులు నేర్పినచో జనులు అప్పు లెగవేయుదురు గదా యని కొందరు పెద్దమనుష్యులు శంకింతురు. ఆ శంక త్రోసిపుచ్చదగినది కాదు. అప్పు తిరిగి రాదన్న భయము పుట్టినచోట ఇచ్చువాడే కరవగును. ఆ నష్టము మొదట తగులునది బీదలకే. శక్తి యుండియు తప్పించుకొను వాడు తోటి బీదవాని నోటికాడి కూడు లాగుకొనుచున్నాడు. హక్కు వేధింపునకు కవచము గాని, ఎగవేతకు కాదు. ఇక్కడ మన చట్టమున ఒక రమ్యమైన విశేషమున్నది. ప్రామిసరీ నోటుపై మూడేండ్లు దాటినచో సాధారణముగా దావా చెల్లదు. అయినను కాలదోషము పట్టిన ఆ బాకీని తీర్తునని ఋణగ్రస్తుడు వ్రాసి సంతకము చేసినచో, ఆ మాట చెల్లునని 1872 నాటి కాంట్రాక్టు చట్టము చెప్పుచున్నది. కోర్టు తలుపు మూసికొన్న తరువాత కూడ మనస్సాక్షి తలుపు తెరచియే యుండునని చట్టము తన పొడి భాషలో ఒప్పుకొన్నదన్నమాట. ఋణము మనుష్యుని మనస్సాక్షిలో నిలుచునదే గాని, భయములో నిలుచునది కాదు.

ఇంతవరకు ఇచ్చినవానిని గూర్చియు పుచ్చుకొన్నవానిని గూర్చియు చెప్పితిమి. మూడవవాడొకడున్నాడు, అతడు మనమే. ఏజెంటు చేతిలోని ఆయుధము ఫోను కాదు, చట్టము కాదు. ఇరుగుపొరుగు ఏమనుకొందురో అన్న భయము. ఆ ఆయుధమును వానికి అందించుచున్నది మన చులకన చూపే. పొరుగువాని బాకీ మాట ఫోనులో వినబడినప్పుడు మనము చెవియొగ్గి విని, ఆ మాటను నలుగురికి మోసినచో, జీతము లేని వసూలు ఏజెంటులమగుదుము. "అది మీకును వారికిని సంబంధించినది, మాకు ఫోను చేయుట నియమవిరుద్ధము" అని ఒక్క వాక్యము పలికి ఫోను పెట్టివేసినచో, ఒక కుటుంబము ఆ రాత్రి నిదురపోవును.

పరభాషాప్రాంతమున నివసించు మన తెలుగు కుటుంబములకు సంఘమే పుట్టినిల్లు. పండుగలు, నాటకములు, ఉపన్యాసములు జరుపుకొనుటతోపాటు, తమిళములోనో ఇంగ్లీషులోనో ఉన్న అప్పుపత్రమును సంతకమునకు ముందే చదివి చెప్పువాడొకడు, ఫిర్యాదు వ్రాసి పెట్టువాడొకడు సంఘమున నుండుట ఏమంత కష్టము? సంతకము చేయుటకు ముందు ఒక గంట తీరికగా కూర్చుండి లెక్క చూచుకొన్న యిల్లు సగము కష్టములు తప్పించుకొనును. చెడిన కాలమున వాకిటికి వచ్చిన బంధువునకు నీతి బోధించుటకు ముందు ఒక గ్లాసు మజ్జిగ యిచ్చి, కాగితములు తెమ్మని యడిగినచో, మిగిలిన సగమునకు దారి దొరకును. సొమ్ము బాకీపడినవాడు సొమ్మే బాకీ. అతని తల యెత్తుకొని నడచు హక్కు ఎవరి ఖాతాలోను జమ కాలేదు.