పరుగు నాది, పుణ్యం ఎవరిది?



మొన్నటి అరసవల్లి వీడియో చివర్లో ఒక మాట చెప్పాను, గుర్తుందా? ఉద్దానం కిడ్నీ రోగుల కోసం ఈ ఏడాది 42 కిలోమీటర్లు పరిగెత్తడానికి సిద్ధమవుతున్నానని. అది విన్న ఒక ఫ్రెండ్ సూటిగా అడిగాడు: "ఇవ్వాలనుంటే నువ్వే ఇచ్చెయ్. లేదంటే నలుగురినీ అడుగు. మధ్యలో ఈ పరుగెందుకురా?"

సరదాగానే అడిగాడు కానీ ఇది చిన్న ప్రశ్న కాదు. నా ఒంటికి కలిగే కష్టానికీ, ఇంకొకరికి అందే సాయానికీ మధ్య నిజంగా ఏమైనా సంబంధం ఉందా? ఈ రోజు దాని గురించే మాట్లాడుకుందాం.

ముందు సంగతి చెప్తాను. మాది శ్రీకాకుళం. విశాఖ బీచ్ రోడ్డులో నేవీ వాళ్లు జరిపే మారథాన్‌కి 16 వారాల ట్రైనింగ్ పెట్టుకున్నాను. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి మామూలు రోజుల్లో అరసవల్లి దాకా, ఆదివారాలు శ్రీకూర్మం దాకా పరుగు. మన కోస్తా ఉక్కపోత తెలుసుగా, ఏడు దాటితే ఊపిరాడదు. తెలిసినవాళ్లు కిలోమీటరుకి ఇంత అని లెక్క కట్టి ఇస్తామన్నారు. ఆ డబ్బు డయాలసిస్‌కి వచ్చే కొన్ని కుటుంబాల బస్సు ఛార్జీలకీ, తోడుగా వచ్చేవాళ్ల భోజనానికీ వెళ్తుంది.

ఉద్దానం గురించి తెలియనివాళ్లకి రెండు మాటలు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు... కొబ్బరి, జీడి, పనస తోటలతో పచ్చగా ఉండే ప్రాంతం. "ఉద్యానవనం" అనే మాటే ఉద్దానం అయిందంటారు. అంత పచ్చని చోట దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు ఇల్లిల్లూ తిరుగుతోంది. ఇదీ కారణమని ఇప్పటికీ ఎవరూ తేల్చి చెప్పలేకపోయారు. శ్రీలంకలోని వరి పండించే ప్రాంతాల్లోనూ, మధ్య అమెరికాలోని చెరకు కూలీల్లోనూ ఇలాంటి జబ్బే కనిపిస్తోంది. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం రిజర్వాయర్ నుంచి పైపుల్లో తాగునీరు తెచ్చారు. అయినా కిడ్నీలు ఇప్పటికే పాడైనవాళ్లకి వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటల చొప్పున మెషిన్ పక్కన పడుకోవడం తప్పదు.

ఆ మధ్య ఒక డయాలసిస్ కేంద్రం బయట ఒక పెద్దావిడ పరిచయమయ్యారు. భర్త లోపల ఉన్నారు. నేనేం చేస్తున్నానో చెప్తే శ్రద్ధగా విని, ఇలా అన్నారు: "ఏటి బావూ, నువ్వు పరిగెడితే ఆళ్లు డబ్బులిత్తారా? పరిగెట్టకపోతే ఇవ్వరేటి? మా ఆయన అక్కడ అంతసేపు పడుకుంటే ఎవులూ ఇవ్వరు గదా!"

ఎత్తిపొడుపు కాదది. ఆవిడకి నిజంగానే అర్థం కాలేదు. ఆలోచిస్తే నాకూ అర్థం కాలేదు. కావాలని తెచ్చుకున్న నా చెమటకి ధర పలుకుతోంది. కోరకుండా వచ్చిపడిన ఆయన కష్టానికి పలకడం లేదు. ఇదేం న్యాయం?

దీని మీద పరిశోధన కూడా ఉంది. 2013లో క్రిస్టఫర్ ఒలివోలా, ఎల్డార్ షఫీర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక విషయం చూపించారు. ఒక మంచిపనిలో నొప్పి, శ్రమ ఉంటాయని తెలిస్తే దానికి జనం ఎక్కువ ఇవ్వడానికి సిద్ధపడతారట. హాయిగా విందులో కూర్చునే కార్యక్రమం కన్నా పరుగుకే చేయి ముందుకొస్తుంది. కష్టపడి చేసినదానికి మనసు విలువ ఎక్కువ కడుతుంది. మనకి ఇది కొత్తేం కాదు, మొక్కుల వెనకా ఇలాంటి లెక్కే ఉంది. మెట్లు మోకాళ్ల మీద ఎక్కితే స్వామి త్వరగా వింటాడని అనుకుంటాం కదా.

మరి నిజంగా నొప్పిలోనే పుణ్యం ఉందా?

గీత 17వ అధ్యాయం ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంటుంది. తపస్సునీ మూడు రకాలుగా విడదీస్తుంది, దానాన్నీ మూడు రకాలుగా విడదీస్తుంది. గౌరవం కోసం, నలుగురూ మెచ్చుకోవాలని, ఆర్భాటంగా చేసే తపస్సు రాజసం. మూర్ఖపు పట్టుదలతో తన శరీరాన్ని తానే హింసించుకునేది తామసం. అంటే, నొప్పి ఉన్నంత మాత్రాన అది గొప్ప తపస్సు అయిపోదు. రన్నర్‌కి ఇది రోజూ పనికొచ్చే మాట. వారానికి పది శాతం కన్నా ఎక్కువ దూరం పెంచొద్దంటారు. మోకాలు నొప్పెడుతుంటే పెయిన్ కిల్లర్ వేసుకుని మరీ పరిగెత్తడం పట్టుదల అనిపించుకోదు. పైగా ఆ మాత్రల భారం పడేది కిడ్నీల మీదే. కిడ్నీ రోగుల కోసం పరిగెడుతూ మన కిడ్నీలని పణంగా పెట్టడమేంటి?

ఇక్కడ ఇంకో విషయం తెలియాలి. 2015లో అమెరికాలో హార్ట్‌ఫర్డ్ మారథాన్ పరిగెత్తిన 22 మందిని యేల్ యూనివర్సిటీ వాళ్లు పరీక్షించారు. పరుగు అయిపోగానే 82 శాతం మందిలో కిడ్నీలు తాత్కాలికంగా దెబ్బతిన్న లక్షణాలు కనిపించాయి. రెండు రోజుల్లో అవి సర్దుకున్నాయి.

ఆ "రెండు రోజులు" అన్నచోట ఆగి ఆలోచించాలి. నేను అరగంటకోసారి నీళ్లు తాగుతాను, ఓఆర్‌ఎస్ కలుపుకుంటాను. డయాలసిస్‌లో ఉన్నాయన దాహం వేసినా నీళ్లు గ్లాసుతో కొలుచుకుని తాగాలి. రోజు మొత్తానికి లీటరు అటూఇటూ. నా కష్టానికి ఫినిష్ లైన్ ఉంది, మెడలో మెడల్ పడుతుంది. ఆయన కష్టానికి అవతలి గట్టు కనపడదు. కోరి చేసేది తపస్సు. కోరకుండా వచ్చిపడేది బాధ. "మీ బాధ నేనూ అనుభవిస్తున్నాను" అని నేను అనకూడదు, అది అబద్ధం అవుతుంది. టెర్రీ ఫాక్స్ అనగలిగాడు. క్యాన్సర్‌తో ఒక కాలు పోగొట్టుకున్న ఆ కెనడా కుర్రాడు 1980లో కృత్రిమ కాలితో 143 రోజులు, 5,373 కిలోమీటర్లు పరిగెత్తాడు. క్యాన్సర్ ఊపిరితిత్తులకి పాకేదాకా ఆగలేదు. ఆ పరుగు ఒక రోగి సొంత గొంతు. నాది అలాంటిది కాదు.

అయితే పరుగు మానేయాలా? నా జవాబు మన సింహాచలం దగ్గర దొరికింది.

ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి గిరి ప్రదక్షిణ మొదలుపెడతారు. దాదాపు 32 కిలోమీటర్లు. మారథాన్ ట్రైనింగ్‌లో మనం పరిగెత్తే అతి పెద్ద దూరం కూడా సుమారుగా అంతే! స్మార్ట్ వాచ్ లేదు, షూ లేదు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చిన మామ్మలు చెప్పులు లేకుండా రాత్రంతా నడిచేస్తారు. వాళ్లు నడిచినందుకు ఎవరూ కిలోమీటరుకి ఇంత అని ఇవ్వరు. దారి పొడవునా జనమే మజ్జిగ, మంచినీళ్లు, పళ్లు పట్టుకుని నిలబడి ఉంటారు. నడిచే మనిషి అక్కడ తీసుకునేవాడు. "నేను చేస్తున్నాను" అనే బరువు చాలావరకు దారిలోనే దిగిపోతుంది.

అందుకే నేను రెండు ఖాతాలు వేరు చేసుకున్నాను. డబ్బు దానం ఖాతాలోది. ట్రైనింగ్ సాధన ఖాతాలోది. ఒకదాని గొప్ప ఇంకోదానికి రాసుకోకూడదు. దాతలు ఇచ్చిన రూపాయి పుణ్యం దాతలదే. నా చెమట ఆ రూపాయిని పవిత్రం చేయదు. నేను ముప్పయ్యో కిలోమీటరు దగ్గర కూలబడినా బస్సు టికెట్టు ధర తగ్గదు.

మరి సాధన ఎందుకంటే, దానానికి లేని ఒక గుణం ట్రైనింగ్‌లో ఉంది. క్రమం. 42 కిలోమీటర్లు ఒక్కరోజు ఉత్సాహంతో అయ్యేవి కావు. వాన పడుతున్నా, ఆఫీసులో అలసిపోయినా, మూడ్ లేకపోయినా అన్ని వారాలూ లేవాలి. డయాలసిస్ కూడా అంతే కదా! మనిషికి మూడ్ ఉన్నా లేకపోయినా, పండగైనా తుఫానైనా వెళ్లాల్సిందే. మన దానాలు మాత్రం పుట్టినరోజుకి ఒకసారి, ఏదో వీడియో చూసి కళ్లు చెమర్చినప్పుడు ఒకసారి. దానం సాత్వికం కావాలంటే తగిన చోట, తగిన కాలంలో, తగిన మనిషికి, తిరిగి ఏమీ ఆశించకుండా ఇవ్వాలని అదే అధ్యాయం చెబుతుంది. రోగికి ప్రతివారం తగిన కాలమే. నెలకి వంద రూపాయలైనా తప్పకుండా వస్తాయంటే ఆ ఇల్లు ఒక లెక్క వేసుకోగలదు. ఒకేసారి వచ్చిపడే పదివేలు ఆ నమ్మకం ఇవ్వలేవు.

"మరి ఫొటోలు పెడతావు, వీడియో చేస్తావు, అది రాజసం కాదా?" అంటే, కొంత అవును. చెప్పకపోతే ఎవరికీ తెలియదు, చెప్తే అహంకారం లోపలికి వస్తుంది. ఈ చిక్కు నుంచి పూర్తిగా బయటపడే దారి నాకు కనపడలేదు. ఒకటి మాత్రం తెలుసు. బస్సు కండక్టర్ ఆ డబ్బు ఏ గుణంతో వచ్చిందని అడగడు. పేరు కోసం ఇచ్చిన రూపాయి కూడా రోగిని పలాస చేరుస్తుంది. కాబట్టి మనసు శుద్ధి అయ్యాక ఇస్తానని కూర్చోవద్దు. ఇస్తూ ఉంటే మనసుని శుద్ధి చేసుకోవచ్చు.

పెద్దావిడ ప్రశ్నకి నా దగ్గరున్న జవాబు ఇంతే: ఆయన కష్టానికి ధర పలకకపోవడం మన లోపం. ఆ లోపాన్ని నా పరుగు ఒక్కరోజు కప్పగలదు. మిగిలిన రోజులకి మనం అలవాటు పడాలి.

ఈ వారం మీకు చిన్న సంకల్పం. పరిగెత్తక్కర్లేదు. మీ చుట్టుపక్కల ప్రతివారం సాయం కావాల్సిన ఒక్క మనిషిని గుర్తుపెట్టుకోండి. డబ్బైనా, టైమైనా, ఆసుపత్రికి తోడైనా, ఇవ్వగలిగింది చాలా చిన్నది పెట్టుకోండి. 16 వారాలు ఒక్కటి కూడా తప్పకుండా చేయండి. 17వ వారం వచ్చేసరికి ఆపాలనిపించకపోతే, మీ ట్రైనింగ్ పూర్తయినట్టే.

ఆ సూర్యనారాయణ స్వామి అందరికీ ఆరోగ్యం ఇవ్వాలని కోరుకుంటూ, వచ్చే వారం కలుద్దాం. శుభం.