కైంకర్యము ఎవరిది?

తిరుమలలో మహాద్వారము దాటి లోనికి పోవు భక్తులకు అచట వ్రేలాడదీసిన ఒక ఇనుప గునపము కనబడును. తొందరలో ఉన్నవారు దానిని చూడకయే పోదురు. చూచినవారు అనంతాళ్వారును తలచుకొని నమస్కరింతురు. ఆ కథ తెలియని వైష్ణవ గృహము ఉండదు. అయినను ఇచట ఒకమారు చెప్పుకొనక తప్పదు. ఏలయన, ఈ వ్యాసమునకు మూలమైన చిక్కు అందులోనే ఉన్నది.

శ్రీరంగములో భగవద్రామానుజులు ఒకనాడు శిష్యులను చూచి, తిరువేంకటముడైయానుకు పుష్పకైంకర్యము చేయుచు కొండమీద నివసింపగలవారెవరని అడిగిరట. ఆ దినములలో తిరుమల అనగా చలి, అడవి, మృగములు. సభ మౌనము వహించినది. అనంతాళ్వారు ఒక్కరే లేచి నిలచిరి. భార్యతో కూడ కొండకు చేరి తోట వేసిరి, తోటకు నీటికొరకు చెరువు త్రవ్వ మొదలిడిరి. ఆయన త్రవ్వుట, నిండుచూలాలైన ఇల్లాలు తట్టతో మట్టి మోయుట. ఒక బాలుడు వచ్చి సాయపడుదునన్నాడు. ఆళ్వారు వలదనిరి. అలసిన ఇల్లాలు మాత్రము వలదనలేక, భర్త చూడని చోట తట్ట అందించినది. సంగతి తెలిసిన ఆళ్వారు కోపముతో గునపము విసరగా అది బాలుని గడ్డమునకు తగిలినది. ఆ దినము గర్భాలయములో స్వామి గడ్డమునుండి రక్తము కారుచుండెనట. శ్రీవారి చుబుకమున పచ్చకర్పూరము నుంచుట ఆ గాయమునకే అని సంప్రదాయము చెప్పుచున్నది.

ఈ కథను స్వామి సౌలభ్యమునకు నిదర్శనముగా పెద్దలు చెప్పుదురు. అది యుక్తమే. కాని ఆళ్వారు కోపమునకు కారణమేమి? ఆయన సోమరి కాడు, ధనలోభి కాడు, కీర్తికాముకుడు అంతకన్న కాడు. ఆ మట్టి తట్ట మోసిన పుణ్యము మరియొకరికి పోవునేమో అన్నది ఆయన బాధ. అన్నిటిని విడిచిన మహానుభావునికి కూడ కైంకర్యమునందు ‘నాది’ అనుమాట మిగిలినది. చెరువు కావలసినది తోటకు, తోట కావలసినది స్వామికి. అట్టిచో తట్ట ఎవరు మోసిన నేమి?

అంతటివానికే మిగిలిన ఆ మాట, ఈ కాలమున సేవకని సముద్రములు దాటి పోవు గృహస్థులకు లేకుండునా?

ఇప్పుడు సెలవులలో విహారయాత్రకు బదులు, భార్యాబిడ్డలతో దూరదేశమునకు పోయి పేదపిల్లల వసతి పాఠశాలలో కొన్ని వారములు పనిచేసి వచ్చు కుటుంబములు కలవు. అట్టివారు వచ్చుచోట్లలో ఒకటి మన తిరుపతికి మిక్కిలి దూరము కాదు. తమిళనాడులో హోసూరు ప్రాంతమున బాలిగానపల్లి అను పల్లె చెంత ‘శాంతిభవన్’ అను పాఠశాల 1997లో ఆరంభమైనది. స్థాపకుడు డాక్టర్ అబ్రహాం జార్జి భారత సైన్యమున అధికారిగా పనిచేసి, పిమ్మట అమెరికాకు పోయి, వ్యాపారమున గడించిన ధనముతో దీనిని నెలకొల్పెను. ఆయన మతమేది అని వైష్ణవుడు అడుగ నక్కరలేదు. ఆకలిగొన్న పిల్లవానికి అన్నము పెట్టినవాని గోత్రమును మన పెద్దలు ఎన్నడు నడుగలేదు. నాలుగేండ్ల పసివారిని చేర్చుకొని, అన్నవస్త్రములతో చదువు చెప్పి, కళాశాల చదువు ముగిసి ఉద్యోగము దొరకువరకు ఆ పాఠశాల చేయి విడువదు. 2008 నాటి ఆర్థిక సంక్షోభము తరువాత స్థాపకుని ధనమొక్కటే చాలక, పదిమంది విరాళములు, విదేశములనుండి వచ్చు స్వచ్ఛంద సేవకుల శ్రమ దానికి ఎక్కువగా అవసరమైనవి. హోసూరు సీమలో తెలుగు మాటలాడు కుటుంబములు అనేకము. రాజాజీ పుట్టిన తొరపల్లియు ఆ సమీపముననే ఉన్నది.

ఇట్టి పాఠశాలకు అమెరికాలో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబము వచ్చినదనుకొందము. తండ్రి ఇంజనీరు. తల్లియు ఉద్యోగస్థురాలే. పదునాలుగేండ్ల కుమార్తె, తొమ్మిదేండ్ల కుమారుడు. తల్లిదండ్రులకు అది స్వదేశము, పిల్లలకు పరదేశము. నెలదినములు అక్కడ ఉండి, చివర తిరుమల దర్శనము చేసికొని మరలిపోవలెనని సంకల్పము.

దారిలో చిత్తూరులో అవ్వ ఇల్లు. ఆమె విని ఊరకుండక, “ఏం నాయనా, మన వీధి చివర పిల్లకాయలు లేరా? తిరుపతి బాలమందిరంలో లేరా? అంత దూరం నుంచి విమానమెక్కి వచ్చి, ఆ టిక్కెట్ల డబ్బుతో ఎందరు బిడ్డలకు ఏడాది బియ్యం వచ్చునో లెక్క చూసినావా?” అన్నది.

అవ్వ లెక్క తప్పు కాదు. దానికి సమాధానము చెప్పలేక మనుమడు నవ్వి ఊరకుండెను. ధనమే ప్రమాణమైనచో, ఇంటనే కూర్చుండి డబ్బు పంపుట మేలు. అట్లు పంపువారిది తక్కువ సేవ అనుటకు ఎవరికిని అధికారము లేదు. కాని అనంతాళ్వారు కూడ ఊరు విడిచి దూరమే పోయిరి. శ్రీరంగములో పూలతోటలు లేకనా? పోవుమని పిలిచినవారు ఆచార్యులు, పూలు కావలసినది కొండమీద. కనుక ఎంత దూరము పోయితిమని కాక, అక్కడ మన అవసరము ఉన్నదా, పిలిచినవారు ఏ పనికి పిలిచిరి అని అడుగుకొనవలెను. పిలువకయే పోయి, తమకు తోచిన పని చేసి, అది సేవ అనుకొనువారు కొందరు కలరు. వారివలన నిర్వాహకులకు అతిథిమర్యాద అను పని ఒకటి హెచ్చును.

మన కుటుంబములోని తండ్రికి ఈ పరీక్ష మొదటి దినముననే ఎదురైనది. యంత్రవిద్య నేర్పుటకు ఆయన రెండు పెట్టెల నిండుగ సామగ్రి తెచ్చెను. ప్రధానోపాధ్యాయిని వినయముగనే, “సార్, ఐదవ తరగతి లెక్కల నోటుపుస్తకాలు దిద్దేవారు లేక ఆగిపోయినాయి. ముందు అవి చూస్తారా?” అని అడిగెను. ఆయన మొగము చిన్నబోయినది. వేయి యోజనములు వచ్చినది కూడికలు దిద్దుటకా? ఆ రాత్రి ఇల్లాలితో ఆ మాటయే అన్నాడు. ఆమె అప్పటికే గ్రంథాలయమున దుమ్ము తుడిచి పుస్తకములు సర్దుచు సాయంకాలము గడిపినది. “తోటలో మట్టి మోసేవాళ్ళూ కావాలి కదండీ” అన్నదట. మరునాడు ఆయన ఎఱ్ఱసిరా కలము పట్టుకొని కూర్చుండెను. నాలుగు దినములు దిద్దిన మీదట ఒక సంగతి తెలిసినది: తరగతిలో సగముమంది తప్పంతయు భాగాహారములో ఒక్కచోటనే ఉన్నది. ఉపాధ్యాయినికి చెప్పగా ఆమె ఆ పాఠము మరల చెప్పెను. పెట్టెలు నెలాఖరువరకు సగమే తెరువబడినవి.

మాటలో సులభము, మనసునకు కష్టము ఇది. దానము దేశము, కాలము, పాత్రము ఎరిగి, బదులు కోరక ఈయదగునని గీత పదునేడవ అధ్యాయమున చెప్పబడినది. బదులనగా ధనమే కాదు. పిల్లలు మెడచుట్టు చేతులు వేసి తీయించుకొన్న ఛాయాచిత్రము బదులే. ‘మా పిల్లలకు పేదరికమన నేమో తెలిసినది’ అని బంధువులతో చెప్పుకొను తృప్తియు బదులే. ఒకరి లేమి మరియొకరి బిడ్డకు పాఠ్యపుస్తకము కారాదు.

అంతకన్న సున్నితమైన విషయము మమకారము. నాలుగేండ్లకే తల్లిని విడిచి వచ్చిన పసివారు, నెలదినములు కథలు చెప్పిన అత్తను సహజముగ అంటిపెట్టుకొందురు. నెల కాగానే అత్త వెళ్ళిపోవును. మరల ఇంకొక అత్త. ఉపాధ్యాయులు, ఆయాలు ఏండ్లతరబడి అక్కడనే యుండి, జ్వరము వచ్చిన రాత్రి తలదాపున కూర్చుందురు. వచ్చిపోవువారు ఆ స్థానమును ఆక్రమింపక, ఆ నిత్యకైంకర్యపరులకు చేతిసాయముగ నుండుట ధర్మము. ఈ తల్లి, పిల్లలు దగ్గరకు వచ్చినపుడు తోసివేయలేదు, ‘నేనే మీ అమ్మను’ అనియు అనలేదు. నిద్రవేళకు వారిని ఆయా చేతికే అప్పగించెడిది.

నెల సగమైన పిమ్మట కుమారుడు ఒక ప్రశ్న వేసినాడు. వాని ఆటతోడు, వానియీడు పాప ఒకతె, తనకొక తమ్ముడున్నాడని చెప్పినదట. “అమ్మా, వాడు ఇక్కడెందుకు లేడు?”

ఆ పాఠశాలలో ఒక కుటుంబమునుండి ఒక్క బిడ్డనే చేర్చుకొందురు. దానికి కారణము కలదు. ఉన్న పడకలు కొన్నియే. ఒక ఇంటినుండి ఇద్దరు చేరినచో మరియొక ఇంటికి ద్వారము మూసికొనును. చదువుకొన్న ఆ ఒక్కబిడ్డ రేపు తోబుట్టువులను, తల్లిదండ్రులను పైకి తెచ్చునని ఆశ. ఎన్నో కుటుంబములలో అట్లే జరిగినది. కాని ఇంటనున్న తమ్మునికి ఈ వాదము ఎట్లు చెప్పుట? సెలవులకు ఇంటికి వచ్చిన అక్క ఇంగ్లీషు మాటలాడుచుండగా గుమ్మములో నిలచి వినువానికి?

ఎంత గొప్ప ధర్మసంస్థకైనను ఎల్ల యుండక తప్పలేదు. అమెరికాలో చాకొలెట్ల వ్యాపారి మిల్టన్ హెర్షీ, ఆయన భార్య కేథరిన్, సంతానము లేని దంపతులు, 1909లో అనాథ బాలురకు వసతి పాఠశాల స్థాపించిరి. ఆమె 1915లో గతించినది. 1918లో ఆయన తన సంపదనంతయు దాదాపుగ ఆ పాఠశాల ధర్మనిధికి వ్రాసియిచ్చి ఎవరికిని చెప్పలేదు. ఐదేండ్లకు, 1923లో, లోకమునకు తెలిసినది. గుప్తదానమునకు ఇంతకన్న నిదర్శనము కావలెనా? అయినను ఆ దానపత్రములో తెల్లజాతి బాలురకు మాత్రమే ప్రవేశమని వ్రాసియుండెను. వర్ణనియమము 1960ల చివరను, బాలికలపై నిషేధము 1970లలోను గాని తొలగలేదు. ఆ ఎల్ల అజ్ఞానమువలన గీసినది. పడకలు చాలక గీసిన ఎల్ల వేరు. రెండును ఒకటి కావు. అయినను, బయట నిలచిన బిడ్డకు రెండింటిలోను తలుపు మూసియే కనబడును.

తిరుక్కోట్టియూరులో రామానుజులు గోపురమెక్కి, గురువాజ్ఞ మీరి, మంత్రార్థమును అందరికి చాటిరి. ఎల్లయే గీయలేదు. మన మనసు అట్లు చేయగోరును. కాని మంత్రము పంచినకొలది తరుగదు. అన్నము తరుగును, పడక తరుగును, ఉపాధ్యాయుని కాలము తరుగును. తరుగు వస్తువును పంచువానికి, అందనివారిని తలచి కలుగు దుఃఖము తప్పదు. ఆ దుఃఖము లేక పంచువాడు, ఇచ్చినవానిని మాత్రమే లెక్కించుకొని గర్వించును.

తల్లి ఆ రాత్రి కుమారునితో ఇవేవియు చెప్పలేదు. “వాడు ఇక్కడ లేకపోవడం నాకూ బాధగానే ఉంది” అని మాత్రము అన్నది. వాడు చాలసేపు నిద్రపోలేదు.

బయలుదేరునాడు ఆ పాప, “మళ్ళీ వస్తారా?” అని అడిగినది. పిల్లవాడు తల్లివైపు చూచినాడు. ఆమె వంగి, “వస్తామని ఒట్టు పెట్టలేనమ్మా. ఉత్తరం మాత్రం రాస్తాము” అన్నది. పాప తలయూచి తరగతికి పోయినది.

మూడవనాడు తిరుమల. వరుసలో మహాద్వారము చేరినప్పుడు తండ్రి గునపమును చూపి కథ చెప్పెను. పిల్లవాడు శ్రద్ధగా విని, “నాన్నా, ఆ పిల్లవాణ్ణి మట్టి మోయనిచ్చి ఉంటే ఏమయ్యేది?” అని అడిగినాడు.

తండ్రి ఏదో చెప్పబోయెను. అంతలో వెనుకనుండి గోవిందనామము లేచినది, వరుస ముందుకు కదలినది.