చంపాల్సిన అవసరమా, చంపాలనే కోరికా?

ఎల్బీ నగర్ దాటి విజయవాడ రోడ్డున పోతుంటే మహావీర్ హరిణ వనస్థలి కనిపిస్తుంది. ఒకప్పుడది నిజాముల వేటస్థలం. 1994లో జాతీయ ఉద్యానవనం అయింది. ఇప్పుడక్కడ కృష్ణజింకలు తిరుగుతున్నాయి.

"జింక వేట నేర్చుకోవాలనుంది, తప్పా?" అని మీ బస్తీ కుర్రాడు అడిగితే ఏం చెబుతారు? కృష్ణజింకను చంపితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మూడేళ్లకు తక్కువ కాకుండా జైలు. ఇది చెప్పాల్సిందే. కానీ అంతటితో ఆపకండి.

బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో చంపాల్సిన అవసరం వేరు, చంపాలనే కోరిక వేరు అని తేల్చారు. ఆకలికి వేటాడిన అడవి బిడ్డనూ, సరదాకు తుపాకీ పట్టిన దొరనూ ఒకే గాటన కట్టలేం. మన కంచంలో మాంసం చూసి మనల్ని తక్కువ చేసేవాళ్లకూ ఇదే జవాబు.

అయితే ఈ జవాబును సాకు చేసుకోవద్దు. ఇంట్లో తిండి ఉన్నోడు జింకను ఎందుకు చంపాలి? ఫోటో కోసమా? దొరతనం రుచి చూడటానికా? ఆ దొరతనం కింద నలిగిన మనమే దాన్ని నేర్చుకుంటే ఇంక మారిందేముంది?

బుద్ధుడు తొలి ధమ్మోపదేశం చేసింది సారనాథ్ జింకల వనంలోనే. ఆ కుర్రాణ్ని ఒక ఆదివారం వనస్థలికి తీసుకుపోండి. జింకను ఊరికే చూడనివ్వండి. ఆ తర్వాత మాట్లాడండి.