మెడకు ఆఫ్ ఎప్పుడురా?

ఆగరా బాబూ, ఒక్క నిమిషం. బండి స్టార్టు చేశావు, హెల్మెట్ మోచేతికి తగిలించుకున్నావు, మళ్లీ ఆ సెల్లులోకి తల దించావు. ఎంతసేపట్నుంచి గేటు దగ్గర అలా నించున్నావో నీకు తెలీదు, అరుగు మీద కూచున్న నాకు తెలుసు. చెరువులో కొంగయినా చేప దొరకగానే తలెత్తుతుంది. నువ్వు ఎత్తవు. తిట్టడం లేదురా, నా మాట కాస్త వినిపో. ఖర్కాయి వంతెన దాటితే ఆదిత్యపూర్, నీ ఆఫీసు ఎక్కడికీ పారిపోదు.

మొన్న ఎడమచెయ్యి విదిలించుకుంటూ "తిమ్మిరెక్కుతోంది తాతా, సర్వైకల్ వచ్చిందేమో" అన్నావు. మన కదమాలో అందరి నోటా ఇదే మాట. ఆవిడకి సర్వైకల్ ఉందట, ఈయనకి సర్వైకల్ వచ్చిందట. సర్వైకల్ అంటే మెడకి సంబంధించింది అని, అంతే. మెడ అందరికీ ఉంటుంది కదరా! వచ్చేదాని పేరు స్పాండిలోసిస్. మెడపూసల అరుగుదల.

అందులో సగం రోగం కాదు, వయసే. మెడలో ఏడు పూసలుంటాయి. అంత పొడుగు మెడ ఉన్న జిరాఫీకీ ఏడే. పూసల మధ్య మెత్తటి డిస్కులు. చిన్న వయసులో అవి నానబెట్టిన శనగల్లా నీరుపట్టి ఉబ్బి ఉంటాయి. నలభై దాటాక మెల్లగా ఎండి పల్చబడతాయి, పూసలు దగ్గరకొస్తాయి. ఒరుసుకునేచోట ఎముక అంచుల్లో మొలకలేస్తుంది. ఆ మొలక నరాన్ని నొక్కిందా, భుజం నుంచి వేళ్లదాకా జివ్వుమంటుంది. 60 దాటినవాళ్లలో నూటికి 85 మందికి పైగా ఈ అరుగుదల ఉంటుంది. వాళ్లలో చాలామందికి నొప్పే తెలీదు, జుట్టు నెరిసినట్టే ఇదీను. అరగడం వయసు చేసే పని. తొందరపెట్టేది మనం.

నా సంగతే చూడు. ముప్ఫై ఏళ్లు కార్ఖానాలో క్రేన్ నడిపాను. షెడ్డు కప్పు కింద గూడులాంటి క్యాబిన్లో కూచుని, ఎక్కడో అడుగున కొక్కెం దేనికి తగులుతోందో, కింద నించున్నవాడు చెయ్యి ఎటు ఊపుతున్నాడో వంగి చూడాలి. షిఫ్టంతా మెడ కిందికే. మా తాత మోత ఇంకోరకం. 1919లో సాక్చీకి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టేనాటికే ఆయన శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ మట్టి తట్టలు ఎత్తుతున్నాడట. ఇప్పటికీ మేడ కట్టేచోట ఇటుకలు నెత్తిన పేర్చుకుని మెట్లెక్కే ఆడకూలీలను, అదే రేజాలను చూడు, అలా ఏళ్ల తరబడి మోసినవాళ్లకు మెడ ముందే అరుగుతుంది. వాళ్లకు అది కూటి కోసం. నాకు ఉద్యోగం. మరి నీకేం వచ్చిందిరా? ఆ సెల్లు పావుకిలో తూగదు!

బరువు సెల్లుది కాదులే, తలది. మనిషి తల దాదాపు 5 కిలోలు. 2014లో హన్స్‌రాజ్ అనే వెన్నెముక సర్జన్ ఒక లెక్క వేశాడు. తల 15 డిగ్రీలు వంచితే మెడ మీద 12 కిలోలు, 60 డిగ్రీలు వంచితే 27 కిలోలు పడుతుందని. నిజం మెడలో కొలిచింది కాదు, నమూనా కట్టి తేల్చిన లెక్క. దాని మీద వాదులాడేవాళ్లూ ఉన్నారు. అయినా నిండు బిందె చంకనుంటే ఎలా ఉంటుందో, చెయ్యి చాచి పట్టుకుంటే ఎలా ఉంటుందో మీ నానమ్మకు ఏ సర్జనూ చెప్పక్కర్లేదు. 27 కిలోలంటే మనం తెచ్చుకునే బియ్యం బస్తా కంటే ఎక్కువరా.

సెల్లు మానెయ్యమంటే వింటావా? వినవు. అందుకే మానమనను, పైకెత్తమంటాను. కళ్లు దాని దగ్గరకు దిగడం కాదు, అదే కళ్ల దగ్గరకు రావాలి. ల్యాప్‌టాప్ కింద ఒక పీట పెట్టు, విడి కీబోర్డు కొనుక్కో. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వెయ్. మాకు వారానికో ఆఫ్ ఉండేది. నీ మెడకు ఆఫ్ ఎప్పుడురా? ఆఫీసులో వంచుతావు, అన్నం తింటూ వంచుతావు, రాత్రి రెండు దిండ్లు పేర్చుకుని పడుకున్నాక కూడా వంచుతావు. ఆ సిగరెట్టు సంగతి నాకు తెలీదనుకోకు. అది డిస్కులనూ ముందే ఎండబెడుతుంది. మీ అమ్మకు చెప్పలేదు, ఇంకా.

చెడగొట్టుకోవడంలోనే కాదు, బాగుచేసుకోవడంలోనూ మనకు తొందరే. నొప్పి మొదలైన రోజుల్లో నేను సెలూన్‌కి వెళ్లాను. అతను నూనె పెట్టి చక్కగా ఛంపీ చేసి, ఆఖర్న ఓ చేత్తో గడ్డం, ఓ చేత్తో నెత్తి పట్టుకుని చటుక్కున తిప్పాడు. టక్కుమంది. ఆహా, ఏం హాయి! ఆ హాయి అరపూట. మర్నాడు తల తిప్పలేక, పిలిచినవాళ్లకేసి ఒళ్లంతా తిప్పాల్సొచ్చింది. డాక్టరు నన్ను కేకలేశాడు. మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళాలు రెండు ఆ మెడపూసల బెజ్జాల్లోంచే పైకి పోతాయట. మెడను అలా విరిస్తే నాళం లోపలి పొర చిరిగి పక్షవాతం దాకా రావచ్చట. మెడను ఎవరికీ అలా అప్పగించకురా. ఎవరికీ.

తర్వాత మందులషాపులో అడిగి నొప్పి మాత్రలు మింగాను. కడుపులో మంట పట్టుకుంది. కిడ్నీలకు చేటని తర్వాత తెలిసింది. మెడకు పట్టీ కట్టుకుంటే తగ్గింది కదా అని నెలల తరబడి విప్పలేదు. కండరాలు పని మర్చిపోయాయి. పట్టీ కొద్దిరోజుల మాటే.

ఇంక ఎమ్మారై. రిపోర్టులో డిస్కు ఉబ్బిందని రాస్తే బెంబేలెత్తిపోకు. జపాన్‌లో ఏ నొప్పీ లేని 1,211 మందికి మెడ ఎమ్మారై తీస్తే 87.6 శాతం మందికి డిస్కులు ఉబ్బే ఉన్నాయి. ఇరవైల్లో ఉన్నవాళ్లలోనే నూటికి డెబ్బై మందికి పైగా! బొమ్మకు వైద్యం చేయరు, మనిషికి చేస్తారు.

నన్ను నిలబెట్టింది ఫిజియోథెరపీయే. చూస్తే నవ్వొస్తుంది. అరచెయ్యి నుదుటికి ఆనించి తలతో నెట్టడం, తల కదలనివ్వకుండా అయిదు లెక్కపెట్టడం. అలాగే వెనక, అలాగే పక్కలకి. గడ్డం లోపలికి లాక్కుని వదలడం. అంతే. నొప్పి పెరిగితే ఆపాలి. ఉప్పుమూట కాపడం ఒంటికి హాయి, మీ నానమ్మ చేసిపెడుతుంది. మొదటి వారం నాకు ఏమీ తెలియలేదు, మానేద్దామనుకున్నాను. ఆరో వారానికి వెనక్కి తిరిగి బస్సు నంబరు చదవగలిగాను. రోజూ చెయ్యాలి, అదే దాని కష్టం.

ఒక్కటి మాత్రం ఆలస్యం చెయ్యకూడదు. చొక్కా గుండీ పెట్టుకోవడం చేతకాకపోయినా, చేతిలో గ్లాసు జారిపోతున్నా, నడకలో తూలినా, ఒంటేలు మీద అదుపు తప్పినా ఆ పూటే ఆసుపత్రి. అప్పుడు నొక్కుకుంటున్నది నరం కాదు, వెన్నుపాము. మా షిఫ్టులో ఒకాయన గుండీలు పట్టక ఏడాదిపాటు టీషర్టులతో గడిపాడు, ఆపరేషనంటే భయపడి. ముందునుంచి డిస్కు తీసి పూసలు అతికిస్తారు, లేదా వెనకనుంచి వెన్నుపాముకు జాగా చేస్తారు. ఆపరేషన్ ముఖ్యంగా ఇంకా దిగజారకుండా ఆపడానికి, పోయిందంతా తిరిగొస్తుందని చెప్పలేరు. ఆయన చేతులు పూర్తిగా తిరిగి రాలేదు. చాలామందికి అందాకా రాదులే, మామూలు వైద్యంతోనే సర్దుకుంటుంది. నీ తిమ్మిరి కూడా అంతే కావచ్చు. కానీ అది తేల్చాల్సింది నువ్వూ కాదు, నేనూ కాదు. శనివారం వెళ్లి చూపించుకో.

ఏటా మార్చి 3న జూబిలీ పార్కులో దీపాలు పెడతారు కదా, నువ్వు చిన్నప్పుడు నా భుజాలెక్కి చూసేవాడివి. నొప్పి ముదిరిన ఆ రెండేళ్లూ చెట్లకొమ్మలకు కట్టిన దీపాలు నేను చూళ్లేదు. తలెత్తితే కళ్లు తిరిగేవి. నీళ్లలో వాటి నీడలు చూసి వచ్చేశాను.

సరే, వెళ్లు. హెల్మెట్ పెట్టుకో ముందు. సాయంత్రం వచ్చేటప్పుడు లోపలికి రా, మీ నానమ్మ దూది ఏకించి పల్చటి దిండొకటి కుట్టించింది. నీకేనట.