వర్తక విద్యయు శ్రావక వ్రతములును



పూర్వము మన ఇండ్లలో కుర్రవాడు మీసము రాకముందే దుకాణములో తండ్రి ప్రక్కన కూర్చుండెడివాడు. తండ్రి బేరమాడుట వినుచు, గుమాస్తా చిట్టా వ్రాయుట చూచుచు వ్యాపారము నేర్చెడివాడు. నేడు మన కుమారులు, కుమార్తెలు పట్టపరీక్ష యైన పిమ్మట మరి రెండేండ్లు చదివి ఎం.బి.ఎ. పట్టము పొందుచున్నారు. అందులకు తలిదండ్రులు లక్షల రూపాయలు వెచ్చించుచున్నారు. ఇది సంతోషింపదగిన విషయము. ఎనిమిది కర్మములలో జ్ఞానావరణీయమును మొదట లెక్కించిన ధర్మము మనది. చదువునకు అడ్డు చెప్పదు.

ఈ చదువులో ఇటీవల ఒక మాట ముఖ్యమైనది. అది బాధ్యతాయుత నాయకత్వము. 2007లో ఐక్యరాజ్యసమితి ఆశ్రయమున బాధ్యతాయుత నిర్వహణ విద్యకు కొన్ని సూత్రములు ఏర్పడినవి. దేశదేశముల వాణిజ్య కళాశాలలు వందలకొలదిగా వానిని అంగీకరించినవి. వ్యాపారి తన లాభమునకు మాత్రమే కాక పనివానికి, సరకు కొనువానికి, పొరుగువానికి, గాలికి, నీటికి కూడ జవాబు చెప్పవలెనని ఈ చదువు బోధించుచున్నది.

ఇది విని మన పెద్దలు రెండు విధములుగా మాటలాడుచున్నారు. "ఇదంతయు మన శాస్త్రములలో ఉన్నదే గదా, క్రొత్తగా నేర్వవలసినదేమి?" అని కొందరందురు. "పరీక్షకు చదువుకో నాయనా, దుకాణములో మాత్రము బజారు ఎట్లు నడచిన అట్లే నడువవలె" అని కొందరందురు. మొదటివారు శాస్త్రమును బీరువాలో పెట్టినారు. రెండవవారు చదువును కళాశాలలో వదలినారు. దుకాణములోనికి మాత్రము రెండును రాలేదు. ఈ చిక్కును విడదీయుటకు ఒక పాత కథ చాలును.

ఉపాసకదశాంగ సూత్రములో భగవాన్ మహావీరుని కాలమునాటి పదిమంది శ్రావకుల చరిత్రలు గలవు. ఏడవవాడు పోలాసపుర నివాసి సద్దాలపుత్రుడు. కులవృత్తి కుమ్మరము. కాని సామాన్యపు కుమ్మరి కాడు. ఊరి వెలుపల అతనికి 500 కుండల అంగళ్ళుండెను. ఎందరో కూలివాండ్రు బత్తెమును జీతమును పుచ్చుకొని అతనియొద్ద పనిచేయుచుండిరి. నేటివారి లెక్కలో అతడు పెద్ద పారిశ్రామికుడు. ఆజీవిక మతస్థుడగుటచే, జరుగునదంతయు నియతివలననే జరుగును, మనుష్య ప్రయత్నము వలన నయ్యెడిది లేదని అతడు నమ్మియుండెను.

ఒకనాడు కుండలు ఆరుచుండగా, ఇవి ఎట్లు తయారైనవని భగవానుడు అతని నడిగెను. మట్టి తెచ్చి, నీట నానబెట్టి, బూడిదయు పేడయు కలిపి, సారెపైకి ఎక్కించి చేసితిమని అతడు చెప్పెను. ఇది ప్రయత్నమువలన నైనదా, ప్రయత్నము లేకయే యైనదా? లేకయే యైనది, అంతయు నియతమే యని అతడు తన మతప్రకారము బదులిచ్చెను. ఎవడైన వచ్చి నీ కుండలను దొంగిలించినను, పగులగొట్టినను, నీ భార్యయెడ అపచారము చేసినను ఏమి చేయుదువని భగవానుడు మరల ప్రశ్నించెను. తిట్టుదును, కట్టుదును, కొట్టుదునని సద్దాలపుత్రుడు పలికెను. అంతయు నియతమే యైనచో వానిని దండించుట ఎట్లు న్యాయము? దండించుట న్యాయమైనచో అంతయు నియతమను మాట ఎట్లు నిజము? సద్దాలపుత్రునికి కనువిప్పు కలిగినది. అతడు శ్రావక వ్రతములను స్వీకరించెను.

సోదరులారా! ఆ పాత నియతివాదము నేడు మన దుకాణములలో పేరు మార్చుకొని కూర్చున్నది. దాని క్రొత్త పేరు బజారు. కూలి ఏల తక్కువ? బజారు రేటు అంతే. బాకీ ఏల ఆలస్యము? బజారు పద్ధతి అది. 12 గంటల షిఫ్టు ఏల? అందరు నట్లే నడుపుచున్నారు. సరి, మనకు రావలసిన బాకీని ఒకడు ఎగవేసినచో బజారు పద్ధతియని ఊరకుందుమా? పనివాడు రెండు మీటర్ల గుడ్డ చంకనబెట్టుకొని పోయినచో నియతియని విడుతుమా? మనకు నష్టము వచ్చినపుడు ప్రతివాడును బాధ్యుడే. మనవలన నష్టము కలిగినపుడు మాత్రము ఎవడును బాధ్యుడు కాడు. బాధ్యతాయుత నాయకత్వమనగా ఈ రెండు తూకములను ఒక్కటి చేయుట. మన పిల్లలు నేర్వవలసిన మొదటి పాఠమిది.

ఊరకే సిద్ధాంతము చెప్పిన చాలదు గనుక ఒక ఊరిని తీసికొందము. మన వస్త్రవ్యాపారులకు భివండి తెలియని చోటు కాదు. మహారాష్ట్రములోని ఠాణా జిల్లాలో నున్న ఈ పట్టణము మన దేశపు మరమగ్గముల పరిశ్రమకు పెద్ద కేంద్రము. తెలంగాణమునుండి తరతరములుగా పోయిన పద్మశాలీలు అచ్చట స్థిరపడినారు. పద్మనగరు పేటలో మన తెలుగు మాట వినబడును. ఉత్తరప్రదేశము, బీహారు మున్నగు చోట్లనుండి వచ్చినవారు కూడ ఆ మగ్గములను నడుపుచున్నారు. ఠాణానుండి భివండికి పోవు పాత త్రోవలో కశేళి, కాల్హేరు గ్రామముల వెంబడి పూర్ణ యను గ్రామము గలదు. ఆ చుట్టుప్రక్కల నేడు ఎటు చూచినను గోదాముల వరుసలే. నూలు, గుడ్డ, గోదాము, ఈ మూడింటిలో ఏదో యొక వ్యాపారముతో మన సమాజమునకు ఆ ప్రాంతముతో సంబంధమున్నది.

అచ్చట పని జరుగు తీరు మీకు తెలిసినదే. వర్తకుడు నూలు ఇచ్చును. మగ్గముల యజమాని మీటరుకింత యని మజూరీ పుచ్చుకొని గుడ్డ నేయించి ఇచ్చును. ఆ మజూరీ లోనుండియే కరెంటు బిల్లు, షెడ్డు అద్దె, పనివాని కూలి వెళ్ళవలెను. పనివానికిని మీటరు లెక్కయే. మగ్గము ఆగిన కూలి ఆగును. మగ్గముల మ్రోతలో ప్రక్కవాని మాట వినబడదు. గాలిలో నూలుధూళి. గద్దెమీద కూర్చున్న వర్తకునికి ఇవి యేవియు కనబడవు. అతనికి కనబడునది గుడ్డ, దాని ధర.

కనబడనిదానికి బాధ్యత లేదందురా? శ్రావకుడు అణువ్రతము పట్టునపుడు ఏమని ప్రతిజ్ఞ చేయుచున్నాడో జ్ఞాపకము తెచ్చుకొనుడు. స్థూలహింసను తాను చేయననియు, ఇతరులచే చేయింపననియు గదా! ఆ రెండవ మాటలోనే మగ్గము షెడ్డు వచ్చినది, గోదాములో మూటలు మోయు హమాలీ వచ్చినాడు. నేడు కళాశాలలలో సప్లయి చైన్ బాధ్యత యని పుస్తకములు పెట్టి చెప్పుచున్నది ఈ కారితమునుగూర్చియే.

2023 ఏప్రిలు 29న ఆ గోదాముల ప్రాంతముననే వల్ గ్రామమువద్ద ఒక కట్టడము కూలినది. క్రింద గోదాము, పైన కాపురములు. ఎనిమిది మంది ప్రాణములు పోయినవి. కారణము తేల్చుట న్యాయస్థానముల పని. మన ప్రశ్న వేరు. గోదాము అద్దెకు తీసికొనునపుడు చదరపుటడుగు ఎంత యని అడుగు మనము, ఈ కట్టడము ఎంత బరువు మోయును, పైన ఎవరు కాపురమున్నారు అని అడుగుచున్నామా?

అహింసాణువ్రతమునకు చెప్పిన అయిదు అతిచారములలో నాల్గవది అతిభారారోపణము, అయిదవది అన్నపాన నిరోధము. మోయలేని బరువు మోపుట, తిండినీళ్ళు ఆపుట. ఇవి ఎడ్లకు, గుర్రములకు మాత్రమే చెప్పినవని అనుకొనవచ్చునా? నెల కూలి ఆపినచో పనివాని ఇంట పొయ్యి ఆరును. అన్నపాన నిరోధము మరి వేరే యేమున్నది? అస్తేయ వ్రతమునకు చెప్పిన అతిచారములును చూడుడు. దొంగసొమ్ము కొనుట, రాజశాసనమును అతిక్రమించుట, హెచ్చుతగ్గు కొలతలు వాడుట, ఒకదానిని మరియొకటి యని అమ్ముట. బిల్లు లేని సరకు, కొలతకు తక్కువైన తాను, పాలియెస్టరు కలిపి నూలుగుడ్డయని వేసిన ముద్ర, అన్నియు ఇందులోనికే వచ్చును. మన ఆచార్యులు వర్తకుని నాడి ఎంత బాగుగా ఎరిగినవారో చూచితిరా!

బాకీల సంగతి మరియొకటి. చిన్న పరిశ్రమలకు ఇయ్యవలసిన సొమ్ము 45 దినములు మించకుండ చెల్లించవలెనని 2006 నాటి చట్టము చెప్పినది. పదునేడేండ్లు దానిని పెద్దగా పట్టించుకొన్నవారు లేరు. గడువు దాటిన బాకీని చెల్లించువరకు ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపరాదని 2023లో నిబంధన చేర్చి, 2024 ఏప్రిలునుండి అమలు చేయగానే వస్త్రపు బజార్లలో అలజడి పుట్టినది. నిత్యము సామాయికము చేయువాడు పన్నుల అధికారికి భయపడిన తరువాతనే నేతవాని సొమ్ము ఈయవలెనా?

మనవారు అందరును ఇట్లు నడచినారని నా మాట కాదు. శ్రీమద్ రాజచంద్రుడు (1867–1901) బొంబాయిలో ముత్యములు, రత్నముల వ్యాపారము చేసినవాడు. గాంధీజీ 1891లో ఆయనను కలిసి ఆయన జీవనమునకు ముగ్ధుడైనాడు. ధరలు ఎక్కుడుగా పెరిగి, ఒప్పుకొన్న వెలకు సరకు ఈయవలసిన వర్తకుడు కూలిపోవు స్థితికి రాగా, రాజచంద్రుడు ఆ ఒప్పందపు కాగితమును చింపివేసినాడని ప్రసిద్ధమైన కథ. చట్టము ఆయన ప్రక్కననే ఉన్నది. వ్రతము చట్టమునకంటె ఒక అడుగు ముందున్నది.

1918లో అహమ్మదాబాదు మిల్లులలో కూలి తగాదా వచ్చినపుడు యజమానుల పక్షమున అంబాలాల్ సారాభాయి నిలిచెను. కార్మికుల పక్షమున ఆయన సోదరి అనసూయాబెన్ నిలిచెను. ఒకే జైన కుటుంబము! కూలి నూటికి 35 వంతులు హెచ్చించవలెనని కార్మికులు కోరిరి. గాంధీజీ ఉపవసించెను. తగవు మధ్యవర్తికి పోయి, తుదకు 35 వంతుల తీర్పే వచ్చినది. ఆ అక్కాతమ్ముల మధ్య ప్రేమ చెడలేదు. ఇంటిలో ఎదురు ప్రశ్న అడుగువారు ఉండుట ఇంటికి చేటు కాదని ఈ సంగతి చెప్పుచున్నది.

అదే అంబాలాల్ కుమారుడు విక్రమ్ సారాభాయి, మన సమాజపు పెద్దయైన కస్తూర్‌భాయి లాల్‌భాయి మున్నగువారి పూనికతో 1961లో అహమ్మదాబాదున ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్ వెలసినది. 1964లో అచ్చట రెండేండ్ల ఉన్నత విద్య ప్రారంభమైనది. ఆ సంస్థను నడిపిన రవి మత్తాయి పదవి దిగిన పిమ్మట 1975లో రాజస్థానములోని జవాజాకు పోయి నేతవాండ్రు, తోలుపనివాండ్ర నడుమ పనిచేసినాడు. శ్రేయాంస ప్రసాద్ జైన్ పేర 1981లో ముంబయిలో ఏర్పడిన విద్యాసంస్థలో నేడు విద్యార్థులు కొన్ని వారములు సేవాసంస్థలలో పనిచేయుట చదువులో భాగముగా నున్నది. కనుక ఈ విద్య పరాయిది కాదు. గుడ్డ అమ్మి బ్రదికిన ఇండ్లవారే దీనికి పునాది వేసినారు.

అయినను ఒక హెచ్చరిక. 2013 కంపెనీల చట్టము పెద్ద కంపెనీలు తమ సగటు లాభములో నూటికి రెండు వంతులు సమాజ సేవకు వెచ్చించవలెనని విధించినది. మంచిదే. దానము మనకు క్రొత్త కాదు. కొలనుపాకనుండి పాలితానా వరకు మన ధర్మశాలల గోడలే సాక్షి. కాని రెండు వంతులు ఎచ్చట ఖర్చయినవో చలువరాతిమీద చెక్కించుచున్నాము. తక్కిన తొంబదియెనిమిది వంతులు ఎట్లు వచ్చినవో చిట్టాలోనైన సరిగా వ్రాయుచున్నామా? ధర్మఖాతాలో జమ వేసినంతమాత్రాన వ్యాపారఖాతాలోని అతిచారము కొట్టివేయబడదు.

"అందరు తక్కువకు అమ్ముచుండగా మేము మాత్రము ఎక్కువ కూలి ఇచ్చి ఎట్లు నిలుతుము?" అని మీరు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. మీటరుకు కొన్ని పైసలు తగ్గును. కొన్ని బేరములు చేయి జారును. అందుకే మొదటి వ్రతమునకు అండగా అయిదవ వ్రతమున్నది. ఆనంద శ్రావకునికి నిధిలో నాలుగు కోట్లు, వ్యాపారములో నాలుగు కోట్లు, గృహవైభవములో నాలుగు కోట్ల బంగారముండెను. అంతకుమించి వలదని భగవానుని ఎదుట హద్దు గీసికొన్నాడు. ఇంత చాలునని అనుకొన్నవాడే పనివానికి ఇంకొంత ఈయగలడు. హద్దులేని ఆశకు ఎంత లాభమైనను చాలనిదే. వాని చేతిలో అహింస నోటిమాటగానే మిగులును. ఈ పరిగ్రహ పరిమాణము ఏ కళాశాలయు నేర్పదు. ఇది ఇంటిలో నేర్పవలసిన పాఠము.

కావున తలిదండ్రులారా! మీ కుమారుని, కుమార్తెను చదివింపుడు. చదివి వచ్చిన పిల్లకు, పిల్లవానికి క్రొత్త గది, క్రొత్త కుర్చీ ఇచ్చుటకు ముందు పాత ఆవర్జా చేతికిండు. ఒక నెల పూర్ణ గోదాములోను, ఒక నెల భివండి షెడ్డులోను నిలువనిండు. ఎవరి సొమ్ము ఎన్ని దినములు మనయొద్ద ఆగినది? మన మూటల క్రింద ఎవరి నడుము వంగినది? మన రంగునీరు ఏ కాలువలో కలిసినది? ఈ మూడు ప్రశ్నలకు జవాబు వ్రాసి తెమ్మనుడు. తెచ్చినపుడు కసరుకొనకుడు. మీరు డబ్బిచ్చి నేర్పించిన ప్రశ్నలే అవి.

విద్యార్థులారా! మీరును గర్వింపకుడు. అందమైన నివేదిక వ్రాసినంతనే మగ్గము షెడ్డులో ఒక ఫంకా తిరుగదు. మీ తండ్రి మాటమీద లక్షల సరకు కదలును. ఆ నమ్మకము ఏ పట్టముతోను రాదు. దానిని నిలుపుకొనుచు, తాను చూడనిదానిని ఆయనకు వినయముతో చూపుడు.

సంవత్సరాంతమున సాంవత్సరిక ప్రతిక్రమణములో ఎనుబదినాలుగు లక్షల జీవయోనులను క్షమాపణ వేడుకొనుచున్నాము. ఈ ఏట ఆ వేడుకొనుటకు ముందు ఒకసారి బాకీల పట్టీ తీసి చూడుడు. అందులో పేరున్న నేతవానికి, హమాలీకి సొమ్ము చెల్లించి పిమ్మట ఆసనముమీద కూర్చుండుడు. అప్పుడు మన క్షమాపణ నిండగును, పిల్లల చదువు సార్థకమగును.

జయ జినేంద్ర.