కండ్లకు గంతలు

(ధ్యాన భాగము: లూకా 22:54–65)

క్రిస్మసు దినములలో ఆదివారపు బడి పిల్లలు గుడి ఆవరణములో ఆడు ఆట మనమందరము చూచినదే. ఒకని కండ్లకు తువ్వాలుతో గంతలు కట్టుదురు. తక్కినవారు వీపు తట్టి తప్పించుకొందురు. తట్టినదెవరో వాడు చెప్పవలెను. మన యిండ్లలో ఆడుకొను "వీరి వీరి గుమ్మడిపండు" దీనికి చెల్లెలే.

ఈ ఆట మన మాటలలోనికిని వచ్చినది. లెక్క చూపక సొమ్ము తినినవానిని గూర్చి "మన కండ్లకు గంతలు కట్టినాడు" అందుము. ఆటలోనైతే వాడు తానే ఒప్పుకొని గంతలు కట్టించుకొనును. దొరికినవాడు తన వంతు కట్టించుకొనును. వంతు లేనిచో అది ఆట కాదు.

ఒకడు కండ్లు మూసికొనగా మరియొకడు కొట్టి, ఏ చేతితో కొట్టితినో చెప్పుమను ఆట గ్రీకులలో ఉండెనని 2వ శతాబ్దపు పండితుడు పోలక్సు వ్రాసెను. ప్రధానయాజకుని యింట ఆ రాత్రి మన ప్రభువును పట్టుకొనినవారు చేసినది ఇట్టిదే. ముఖము కప్పిరి, కొట్టిరి, కొట్టినదెవరో ప్రవచింపుమనిరి.

లూకా చెప్పిన వరుసను గమనింపుడి. అంతకుముందే కోడి కూసెను. ప్రభువు తిరిగి పేతురువైపు చూచెను. ఆ ఒక్క చూపునకు పేతురు వెలుపలికి పోయి ఏడ్చెను. ఆయన ముందుగా చెప్పినది అక్షరాల నెరవేరిన ఆ రాత్రియే వీరు ప్రవచింపుమని ఎగతాళి చేసిరి! వారు కప్పినది పేతురును చూచిన ఆ కండ్లనే. మనవైపు చూచుచున్న ముఖమును కొట్టుట కష్టము.

మన సంఘములలో ఆకాశరామన్న ఉత్తరములు పుట్టుటయు ఇందుకే. ఒకప్పుడు మామీద అట్టి ఉత్తరమొకటి పైవారికి పోయినది. అందులో కొంత నిజము లేకపోలేదు. అయినను వ్రాసినదెవరోయని నాలుగు వారములు ప్రతి ముఖమును వెదకితిమి. ప్రభురాత్రి భోజనమున రొట్టె నందించుచు గూడ, ఈ చేయియేనా యని తలంచితిమి. ఆ తలంపు మా పాపమే, వ్రాసినవానిమీద వేయము.

నిజము వ్రాసినప్పుడు పేరెందుకని కొందరందురు. పేరు చెప్పినచో ఊరిలో బ్రదుకు జరుగని కూలివారు, విధవరాండ్రు ఉన్నారు. వారి భయమును మేము తేలికగా ఎంచము. వారి పక్షమున పేరు పెట్టి మాటలాడుట పెద్దల పని. అయితే పెద్దలే పేరు దాచినయెడల? తప్పు చేసిన సహోదరునితో ముందుగా ఒంటరిగా మాటలాడుమని ప్రభువు చెప్పెను గదా (మత్తయి 18:15). ఒంటరిగా పోయినప్పుడు ముఖము చూడక తప్పదు.

కొట్టినవారి పేళ్లు ప్రభువు ఎరుగును. ఆ రాత్రి ఆయన ఒక్కటియు పలుకలేదు. సువార్తలలో ఆ పేళ్లు నేటికిని లేవు.